కనగుర్తల కడుపులో దొరికిన పోగులు, తునకలు: ఏది ఏ ప్లాస్టిక్కో తేల్చడం ఎలా?

ప్రశ్న: గోపాల్‌పూర్ విద్యార్థిని

సభ్యులందరికీ నమస్కారం. నేను బరంపురంలో సముద్ర జీవశాస్త్రం చదువుతున్నాను. మా ఇల్లు గోపాల్‌పూర్‌లో. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ప్రయోగశాలలో ఇంగ్లీషు మాట్లాడుకునే బతుకు కనుక ఎక్కడైనా మాట తప్పుగా పడితే సవరించండి.

నా ప్రాజెక్టు సముద్రపు చేపలు మింగిన మైక్రోప్లాస్టిక్‌ల గురించి, అంటే 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ ముక్కల గురించి. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది కాబట్టి మార్చిలోనే గోపాల్‌పూర్, ఆర్జిపల్లి ఒడ్డులకు పడవలు రాగానే వెళ్లి 24 కనగుర్తలు, 16 నూనె కవళ్లు కొన్నాను. ఒక్కొక్క చేప పొడవు, బరువు రాసుకుని, గొంతు మొదలుకొని మలద్వారం దాకా ఆహారనాళం మొత్తం బయటికి తీసి, చేపకు ఒక సీసా చొప్పున 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి, 60 డిగ్రీల వద్ద రెండు రోజులు ఉంచాను. కండ కరిగిపోయాక మిగిలినదాన్ని గాజుపోగుల వడపోత కాగితం మీద వడకట్టి మైక్రోస్కోపు కింద చూశాను. మొత్తం 63 కణాలు లెక్కకు వచ్చాయి. వాటిలో పోగులు 36, ఎక్కువగా నీలం, నలుపు రంగువి. పారదర్శకమైన పలుచని పొరలు 14, ఆకుపచ్చ తునకలు 9, తెల్లని గట్టి ముక్కలు 4.

కణానికి ఇంత అని రుసుము కట్టవలసి రావడం వల్ల 12 కణాలను మాత్రమే బయటి ప్రయోగశాలకు ఎఫ్‌టీఐఆర్ పరీక్షకు (పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తించే పద్ధతికి) పంపగలిగాను. నాలుగు ఆకుపచ్చ తునకలు పాలిథిలీన్ అని, రెండు నల్ల పోగులు, ఒక తెల్ల ముక్క పాలియెస్టర్ అని, ఒక నీలిపోగు, రెండు పారదర్శక పొరలు నైలాన్ అని, మిగిలిన రెండు నీలిపోగులు సెల్యులోజ్ (నూలులో, చెక్కలో ఉండే పదార్థం) అని నివేదిక వచ్చింది. నైలాన్ అన్న రెండు పొరలకు మాత్రం యంత్రంలో దాచిన తెలిసిన పదార్థాల నమూనాల గ్రంథాలయంతో పోలిక 70 శాతం దగ్గరే ఆగింది.

మిగిలిన 51 కణాలకు రంగును, ఆకారాన్ని బట్టి పేర్లు పెట్టేయవచ్చని తోటి విద్యార్థులు అంటున్నారు. నీలిపోగులు వల దారాలు, నల్లపోగులు బట్టల పాలియెస్టర్, పొరలు సంచుల ముక్కలు అని వారి లెక్క. అలా రాయవచ్చా? చేప లేకుండా వట్టి ద్రావణంతో నడిపిన మూడు ఖాళీ సీసాల్లో కలిపి 5 పోగులు వచ్చాయని కూడా చెప్పాలి. వాటిలో మూడు నీలం రంగువే.

జవాబు 1: పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, ఖాళీ సీసాలు పెట్టినందుకు ముందు మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఆ పని చేయకుండానే పట్టికలు నింపేసే వారిని చాలామందిని చూశాను. అయితే వాటి ఫలితాన్ని మీరు ఉత్తరం చివరి వాక్యంలో పెట్టారు, నిజానికి అది మొదటి వాక్యంలో ఉండవలసింది.

లెక్క మీరే చూడండి. 36 పోగులను 40 సీసాలకు పంచితే సీసాకు ఒకటి కూడా నిండుగా రాదు. ఖాళీ సీసాల్లో 5 పోగులను మూడింటికి పంచితే సీసాకు ఒకటిన్నర దాటుతుంది. చేప ఉన్న సీసా కంటే చేప లేని సీసాలోనే పోగులు ఎక్కువగా ఉన్నాయన్నమాట. మూడే ఖాళీ సీసాలు కాబట్టి ఆ సగటును మరీ గట్టిగా పట్టుకోలేము గాని, ఈ స్థితిలో మీ పోగులు చేప మింగినవని ఏ పరీక్షకుడి ముందూ నిలబెట్టలేరు. అవి గాలిలోంచి, బట్టల మీదనుంచి, కడిగిన నీటిలోంచి వచ్చి ఉండవచ్చు. ఉత్తర సముద్రం చేపల మీద ఫోకెమా బృందం 2013లో ప్రచురించిన పనిలో 1203 చేపలను కోస్తే 2.6 శాతం చేపల్లోనే ప్లాస్టిక్ తేలింది. వారికీ మొదట సన్నని పోగులు కనిపించాయి. గాలి శుభ్రంగా ఉండేలా జాగ్రత్త పడ్డాక అవి బాగా తగ్గిపోవడంతో ఆ పోగులను లెక్కలోంచి తీసేశారు. అదే ఏడాది ఇంగ్లీష్ ఛానెల్‌లో పట్టిన 504 చేపల మీద లషర్ బృందం చేసిన పనిలో 36.5 శాతం చేపల్లో ప్లాస్టిక్ కణాలు దొరికాయని రాశారు. అందులో సగానికి పైగా, 57.8 శాతం, రేయాన్. రేయాన్ అంటే చెక్కగుజ్జు సెల్యులోజును రసాయనాలతో పోగుగా మార్చినది. దాన్ని ప్లాస్టిక్‌లో కలపాలా వద్దా అన్న తగవు ఇప్పటికీ తెగలేదు. పోగులను ఎలా లెక్కపెట్టారన్న ఒక్క దాని మీదనే రెండు సముద్రాల చేపల గురించి మనం అనుకునేది ఎంత మారిపోతుందో చూశారా?

ఇక రంగు సంగతి. నీలం రంగు నైలాన్‌కు ఎంత పడుతుందో నూలుకూ అంతే పడుతుంది. 2020లో సువారియా బృందం ఆరు సముద్ర ప్రాంతాల నీటి నమూనాల్లోంచి ఏరిన పోగులను పరీక్షిస్తే కృత్రిమమైనవి 8.2 శాతమే. 79.5 శాతం సెల్యులోజు, 12.3 శాతం జంతు సంబంధమైనవి. నీలిపోగులన్నీ వల దారాలని రాస్తే ఎంత తప్పు పడుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి. మీ మూడు నీలిపోగుల్లో రెండు సెల్యులోజు అని తేలడం కూడా దీనికి తగ్గట్టే ఉంది. ఇంతకీ ప్రయోగశాలలో మీరు ఏ రంగు బట్టలు కట్టుకుంటారు? వేళాకోళానికి అడగడం లేదు. సమాధానం పుస్తకంలో రాసిపెట్టుకోవలసిన విషయం అది.

పొరల విషయంలో నాకు మరో అనుమానం ఉంది. కనగుర్త అన్న మన మాటే ఆ చేప శాస్త్రీయ నామంలోకి ఎక్కింది, రాస్ట్రెల్లిజర్ కనగుర్తా అని. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల గురించి అచ్చువేసిన గ్రంథంలో మన జాలరులు చెప్పిన పేరునే రాసుకోబట్టి అది నిలిచింది. ఆ చేప నోరు తెరిచి చూస్తే మొప్పల ముళ్లు పొడవుగా, ఈకల్లాగా కనిపిస్తాయి. నీటిని వాటితో వడకట్టుకుని అందులోని చిన్న ప్రాణులను తింటుంది. వాటిలో కోపిపాడ్‌లవంటి చిట్టి రొయ్యజాతి జీవులు ఎన్నో. వాటి పెంకు కైటిన్. పొటాషియం హైడ్రాక్సైడ్ కండను కరిగిస్తుంది గాని కైటిన్‌ను కరిగించదు. కాబట్టి పారదర్శకంగా, పలుచగా, అంచు చిరిగినట్టుగా మిగిలే పెంకు ముక్క అచ్చం పాలిథిన్ సంచి ముక్కలాగే కనిపిస్తుంది. ఆ 14 పొరలను ఎక్కువ పెద్దది చేసి చూసి, కీళ్లు గాని, సన్నని వెంట్రుకలు గాని, కణాల గీతలు గాని ఉన్నాయేమో వెతకండి.

చివరగా ఒక మాట. 60 డిగ్రీలు ఎక్కువ. పాలియెస్టర్ బట్టల్లో ఉండే పీఈటీని క్షారం విడగొడుతుంది, వేడి పెరిగేకొద్దీ ఆ పని త్వరగా జరుగుతుంది. ఈసారి 40 డిగ్రీల వద్ద, కావాలంటే మూడు రోజులు ఉంచండి. త్వరగా అవుతుందని నత్రికామ్లం జోలికి మాత్రం వెళ్లకండి, అది నైలాన్‌ను కరిగించేస్తుంది.

జవాబు 2: ఉప్పుగల్లీ

మాస్టారు చెప్పినదాన్ని కాదనను గాని, ప్రతి కణానికీ రుసుము కట్టే స్తోమత లేని విద్యార్థులకు ఇంటి పద్ధతులు కూడా ఉన్నాయి. మంచినీటిలో తేలేవి పాలిథిలీన్, పాలీప్రొపిలీన్. మునిగినవాటిని లీటరు నీటికి సుమారు 360 గ్రాముల ఉప్పు కరిగించిన ద్రావణంలో వేస్తే, దాని సాంద్రత 1.2 కాబట్టి 1.05 ఉండే పాలీస్టైరిన్, 1.14 ఉండే నైలాన్ పైకి తేలుతాయి. 1.38 దగ్గర ఉండే పీఈటీ అడుగునే ఉంటుంది. సూదిని ఎర్రగా కాల్చి పోగుకు తగిలిస్తే ప్లాస్టిక్ అయితే ముడుచుకుని గుండులా అవుతుంది, నూలు అయితే నల్లబడి బూడిద అవుతుంది. మా తమ్ముడి పాఠశాల ప్రదర్శనలో ఇవే చూపించాము, అందరూ మెచ్చుకున్నారు.

జవాబు 3: తెడ్డు

చెల్లెమ్మా, నేను చదువుకున్నది తక్కువే. మా నాన్న, తాతల కాలం నుంచి పాటిసోనాపూర్ వైపు వేట మాది. ఒడియావారు మమ్మల్ని నోలియాలంటారు. మీ ఉత్తరంలో వల దారం అన్న మాట చూసి రాస్తున్నాను, ఎందుకంటే వల దారం అన్నది ఒక్కటి కాదు.

కనగుర్తలకు వేసే సన్నవల నైలాన్‌ది. ఒంటిపోగుది అయితే పట్టుకుంటే నున్నగా, ఎండకు మెరుస్తుంది. పేనినది అయితే ఒక దారంలో బోలెడు సన్నపోగులు ఉంటాయి. ట్రాలర్ల వల ఆకుపచ్చది, అది నైలాన్ కాదు, బిరుసైన పాలిథిలీన్ దారం. లంగరుకు, వల అంచులకు కట్టే తాళ్లలో ఎక్కువ పాలీప్రొపిలీన్, అవి నీటి మీద తేలుతాయి కాబట్టే వాడతాము. ఎండకు ఏడాది తిరిగేసరికి ఆ తాడును చేత్తో నలిపితే అరచేతిలో పొడిలాగా రాలుతుంది. ఒకప్పుడు కర్ర తెప్పలుండేవి, ఇప్పుడు మా ఊళ్లో ఫైబరు పడవలే ఎక్కువ. ఇసుక మీదికి లాగినప్పుడల్లా అడుగున పైపూత గీసుకుపోయి తెల్లగా రాలుతుంది. చేపకు ఐసు వేసే థర్మాకోల్ పెట్టెల సంగతి చెప్పనే అక్కర్లేదు, విరిగిన పెట్టె ఒడ్డున ఉంటే గాలికి గుళ్లు గుళ్లుగా ఎగిరిపోతుంది.

మరొకటి కూడా గమనించండి. చేప వలలో చిక్కాక చాలాసేపు గిలగిలలాడుతూ నోరు తెరిచి మూస్తుంది. ఆ కాస్త సేపట్లో వల పోగు గొంతులోకి పోవచ్చు. అది సముద్రంలో మింగినది అవుతుందా, మా వలలో మింగినది అవుతుందా? మీరు గొంతు నుంచి మొదలుపెట్టి మొత్తం ఒకే సీసాలో వేశారు. జీర్ణకోశం, పేగులు వేరుగా, గొంతు, నోరు వేరుగా ఉంచి ఉంటే ఈ అనుమానం తగ్గేది.

మీకు కావాలంటే మా దగ్గర వాడే వలలు, తాళ్లు, పడవ పూత అన్నిటివీ చిన్న ముక్కలు కోసి పంపుతాను. ఏ పడవ నుంచి కొన్నారో గుర్తుంటే ఆ పడవ వలదే ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. ఎవరూ కాదనరు.

జవాబు 4: పరారుణం

నేను శ్రీకాకుళం జిల్లావాడిని. రోజూ ఎఫ్‌టీఐఆర్ యంత్రం ముందు కూర్చునే ఉద్యోగం. ఉప్పుగల్లీ గారి పద్ధతులు పాఠశాల బల్ల మీద బాగానే పనిచేస్తాయి. కాని అర మిల్లీమీటరు పొర మునగాలా తేలాలా అన్నది దానికి అంటుకున్న గాలిబుడగే నిర్ణయిస్తుంది. కనీసం ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు నీళ్లయినా కలపకపోతే ఆ ఫలితానికి విలువ లేదు. కాల్చిన సూది ప్లాస్టిక్ అవునో కాదో చెప్పగలదేమో గాని, నైలానో పాలీప్రొపిలీనో చెప్పలేదు. పైగా ఆ కణం అక్కడితో పాడైపోతుంది. సూది పరీక్ష చేసి తీరాలనుకుంటే వర్ణపటం, అంటే కణం ఏ కాంతిని ఎంత పీల్చుకుందో చూపే గీత, తీశాకే చేయాలి.

ఇక మీ 12 నివేదికల సంగతి. వీటిలో నాలుగు మాత్రమే నాకు నిస్సందేహంగా కనిపిస్తున్నాయి, అవి ఆకుపచ్చ తునకలు. పాలిథిలీన్‌కు 2915, 2848 తరంగ సంఖ్యల (ఆ గీత మీది స్థానాల) వద్ద జంట శిఖరాలు, 1470 దగ్గర, 720 దగ్గర మరి రెండు వస్తాయి. ఇంత సాదా వర్ణపటాన్ని యంత్రం పొరబడడం అరుదు. అదే పాలీప్రొపిలీన్ అయితే 1376 దగ్గర గట్టి శిఖరం ఉండి తీరాలి. తెడ్డు గారు చెప్పిన ట్రాలర్ వల దారంతో మీ తునకలు సరిపోవచ్చు. అయితే సీసా మూతలు, డబ్బాలు కూడా అదే పాలిథిలీన్‌తో చేస్తారు కాబట్టి పాలిమర్ పేరు తేలినంత మాత్రాన వస్తువు పేరు తేలినట్టు కాదు. నివేదికలో ఆ రెండు మాటలనూ వేరువేరు గడుల్లో రాయండి.

నైలాన్ అన్న పొరలను నేను నమ్మను. నైలాన్‌లోనూ, మాంసకృత్తుల్లోనూ, కైటిన్‌లోనూ ఎమైడ్ బంధం అనే ఒకే రకం రసాయన బంధం ఉంది. అందుకే మూడింటికీ 1650 పరిసరాల్లో ఒకటి, 1540 పరిసరాల్లో ఒకటి శిఖరాలు వస్తాయి, గ్రంథాలయంలో కైటిన్ వర్ణపటం లేకపోతే యంత్రం పాపం దగ్గరగా ఉన్న నైలాన్ పేరునే చెబుతుంది. ఆ 70 శాతం పోలిక అర్థం అదే. తేడా చూడవలసిన చోట్లు ఇవి: నైలాన్‌కు 3300 దగ్గర సన్నని, నిటారైన శిఖరం, 2932, 2860 వద్ద పదునైన జంట కనిపిస్తాయి, 1000 నుంచి 1150 మధ్య పెద్దగా ఏమీ ఉండదు. కైటిన్ అయితే ఆ మధ్య భాగమంతా కొండలా లేస్తుంది, 1655, 1620 దగ్గర శిఖరం రెండుగా చీలుతుంది. మాంసకృత్తు మిగిలి ఉంటే అన్నీ మొద్దుగా, వెడల్పుగా వస్తాయి. దాన్ని మళ్లీ క్షారంలో ఒక రోజు ఉంచితే కరిగిపోతుంది, నైలాన్ కరగదు. మీకు వచ్చిన అంకెల పట్టికతో తృప్తిపడకుండా అసలు వర్ణపటాల ఫైళ్లు అడిగి తీసుకోండి. ఓపెన్ స్పెసీ అనే ఉచిత సాధనంలో వాటిని ఎక్కించి మీరే పోల్చుకోవచ్చు.

తెల్లని గట్టి ముక్క పాలియెస్టర్ అని వచ్చింది కదా, అక్కడ పాలియెస్టర్ అన్న మాటే మోసం చేస్తుంది. బట్టల పీఈటీ ఒక పాలియెస్టర్, ఫైబరు పడవకు పూసే రెసిన్ మరొక పాలియెస్టర్. రెండింటికీ 1720 దగ్గర గట్టి శిఖరం ఉంటుంది. పడవ రెసిన్‌లో స్టైరిన్ కలుస్తుంది కాబట్టి 700 దగ్గర మరొక శిఖరం వస్తుంది. పీఈటీకి 1241, 1094 వద్ద చూడండి. పైగా పడవ ముక్కలో గాజుపోగులు ఉండవచ్చు. అవి నిటారుగా, మెరుస్తూ, సూదితో నొక్కితే పుటుక్కున విరుగుతాయి. మీ వడపోత కాగితం కూడా గాజుపోగులదే అన్నది మరచిపోకండి, దాని పోగులు ఊడివచ్చి మీ లెక్కలో కూర్చునే ప్రమాదం ఉంది.

ఇంకొక చిక్కు కూడా చెప్పి ముగిస్తాను. ఎవరైనా లేజరు కాంతితో పదార్థాన్ని గుర్తించే రామన్ యంత్రంలో చూపించమని సలహా ఇస్తే, ఒక మైక్రోమీటరు దాకా అది చూడగలదన్నది నిజమే గాని, నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్‌లలో వాడే థాలోసయనిన్ రంగు అందులో ఎంత గట్టిగా పలుకుతుందంటే దాని వెనుక పాలిమర్ గొంతు వినపడదు. యంత్రం రంగు పేరే చెబుతుంది. నల్లవాటికి కార్బన్ వల్ల మరో ఇబ్బంది, కణాన్ని ఆనించి చూసే వజ్రపు స్ఫటికం బదులు జెర్మేనియం స్ఫటికం ఉన్న ఎఫ్‌టీఐఆర్ వాటికి నయం. మిగిలిన 51 కణాలకు రంగును బట్టి పేరు పెట్టవద్దు. పొరలు, తెల్ల ముక్కలు అన్నింటినీ పంపండి, పోగులను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రుసుము పెట్టాలంటే అక్కడ పెట్టండి.

తిరుగు జాబు: గోపాల్‌పూర్ విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి.

మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం నీలం. ప్రయోగశాలలో తెల్లకోటు కిందనుంచి నా నీలి నూలు చున్నీ కొస బయటికి వేలాడుతూనే ఉండేదని మా సహాధ్యాయిని చెప్పింది. దాని అంచు నుంచి నాలుగు పోగులు లాగి మైక్రోస్కోపు కింద ఖాళీ సీసాలోని నీలిపోగు పక్కన పెట్టి చూశాను. మెలికలు తిరిగిన రిబ్బను లాంటి ఆకారం, అక్కడక్కడా రంగు పలచబడిన మచ్చలు, రెండూ ఒకటే. సెల్యులోజు అని వచ్చిన రెండు పోగులు కూడా అవేనని ఇప్పుడు అనుకుంటున్నాను. 36 పోగులనూ లెక్కలోంచి తీసి, ఖాళీ సీసాల ఫలితంతో పాటు వేరే పట్టికలో పెట్టాను.

వర్ణపటాల ఫైళ్లు అడిగితే వారు పంపారు. నైలాన్ అన్న రెండు పొరలకూ 1655, 1620 దగ్గర చీలిక స్పష్టంగా ఉంది, 1000 నుంచి 1150 దాకా కొండ కూడా ఉంది. మిగిలిన 12 పొరలను 400 రెట్లు పెద్దవి చేసి చూస్తే 9 పొరల అంచున వరుసగా వెంట్రుకలు కనిపించాయి. ఒకదానికి కీలు కూడా ఉంది. అంటే నా సంచి ముక్కలన్నీ దాదాపుగా చేప తిన్న భోజనమే. వెంట్రుకలు లేని మూడింటిని మాత్రం పరీక్షకు పంపాను. వాటిలో రెండు పాలిథిలీన్, ఒకటి పాలీప్రొపిలీన్ అని వచ్చింది. ఈసారి పోలిక 90 శాతం దాటింది.

తెల్ల ముక్కల కోసం ఆర్జిపల్లి ఒడ్డున బోర్లించి ఉన్న ఒక ఫైబరు పడవ అడుగు నుంచి, యజమానిని అడిగి, గోరంత పూత గీకి తెచ్చాను. పాలియెస్టర్ అన్న ముక్క వర్ణపటంలోనూ, దీనిలోనూ 700 దగ్గర శిఖరం ఉంది. మిగిలిన మూడు తెల్ల ముక్కల్లో రెండు ఎముక ముక్కలు. బలహీనమైన ఆమ్లంలో వేస్తే కరిగిపోయాయి. ఒకటి మిగిలింది, దాన్ని ఇంకా పంపలేదు.

63 అన్న అంకె ఇప్పుడు 14 దగ్గరికి వచ్చింది. ఆకుపచ్చ తునకలు 9, పొరలు 3, పడవ పూత 1, తేలనిది 1. తొమ్మిది తునకల్లోనూ నాలుగింటికే వర్ణపటం ఉంది కాబట్టి మిగిలిన ఐదింటి ఎదుట పాలిమర్ గడి ఖాళీగానే వదిలాను. అంకె చిన్నదైపోయిందని మొదట దిగులు పడ్డాను గాని, ఇప్పుడు ఒక్కొక్కదాని గురించి అడిగినా చెప్పగలను.

నిషేధం తీరాక జూన్ 15 తర్వాత మళ్లీ చేపలు కొంటాను. ఈసారి ఐదు చేపలకు ఒక ఖాళీ సీసా పెడతాను, 40 డిగ్రీల వద్దే ఉంచుతాను, గొంతు వేరు, పేగులు వేరు. తెడ్డు అన్నయ్యా, మీరు పంపుతానన్న వలముక్కలు ఎలా సర్ది పంపితే మంచిదో కూడా చెప్పండి.

జవాబు 5: తెడ్డు

చెల్లెమ్మా, ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. సన్నవల రెండు రకాలు, ట్రాలర్ దారం ఆకుపచ్చది, లంగరు తాడు కొత్తది, ఏడాది ఎండినది, పడవ పూత రెండు రంగులు. పాలిథిన్ కవర్లలో పెట్టబోతే మా అబ్బాయి ఆపి, ప్లాస్టిక్ ముక్కలను ప్లాస్టిక్ కవర్లో పెడితే ఏది ఏదో మీకు మళ్లీ తగవు వస్తుందని అన్నాడు. అందుకని పాత ఇంజెక్షను మందుల గాజు సీసాలు కడిగి ఆరబెట్టి అందులో పెట్టాను. చీటీల మీద పేర్లు పెన్సిల్‌తోనే రాశాను, స్పిరిట్ తగిలినా చెరగదు. లంగరు తాడు సీసా మూత తీసేటప్పుడు మెల్లగా తీయండి, ఎండినది కదా, ఊదితే ఎగిరిపోయేంత పొడి ఉంది.